పనిచేసి చదువుకొనుట: బెరియా విద్యాలయము నేర్పు పాఠము

(పఠనమందిర వార్షికోత్సవ సభయందు మేము చేసిన యుపన్యాసము)



ఈ పఠనమందిరమున వక్తలమై నిలిచిన దినములకంటె బల్లలమీది పత్రికలు సర్దుచు గడపిన దినములే మాకు ఎక్కువ. నేడు మాటలాడుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, మా న్యాయవాదవృత్తికి సంబంధించిన విషయమేదైన చెప్పుదమని మొదట తలంచితిమి. కాని కొన్ని వారములక్రిందట మా కార్యాలయమునకు వచ్చిన యొక రైతు మా సంకల్పమును మార్చినాడు.

ఆయనకు మూడెకరముల మాగాణి కలదు. దానిని తనఖా పెట్టుటకు దస్తావేజు వ్రాయుమని వచ్చెను. కుమారుడు అమెరికాకు పోయి చదువవలెనట. ఏ విద్యాలయమని అడిగితిమి. ఏమి చదువునని అడిగితిమి. "అదంతా ఆ ఏజెంటు గారికే తెలుసండి. పిల్లవాడు వెళ్ళడమే మాకు కావలసింది" అని ఆయన చెప్పెను. దస్తావేజు వ్రాసి యిచ్చితిమి. వలదనుటకు మాకు అధికారము లేదు. కాని చదువు కావలెనన్న భూమిని కుదువబెట్టుట తప్ప బీదవానికి వేఱు మార్గమే లేదా యను ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు.

ఆ ప్రశ్నకు అమెరికాలోనే యొక చిన్న విద్యాలయము నూట ముప్పదియేండ్లకు పైగా ప్రత్యుత్తరము చెప్పుచున్నది. దాని పేరు బెరియా కళాశాల. నేడు ఆ విద్యాలయ చరిత్రమును, అందలి విద్యార్థిజీవనమును మీకు నివేదింప దలచితిమి. మీ బిడ్డలనందఱిని అచ్చటికి పంపుడని చెప్పుట మా యుద్దేశము కాదు. అచ్చటి పద్ధతిలో మనము గ్రహింపదగిన దేమి కలదో విచారించుటయే మా యుద్దేశము.

కెంటకీ రాష్ట్రమున, అపలేచియను పర్వతములకు దిగువన బెరియా యను చిన్న పట్టణము కలదు. ఆ పర్వతప్రాంతము చిరకాలముగా దారిద్ర్యమునకు పేరుపడినది. ఆ పట్టణములోని కళాశాలలో చదువువారు సుమారు పదునైదు వందలమంది. అచ్చట 'లిబరల్ ఆర్ట్స్' అని పిలుచు ఉదారవిద్యను బోధింతురు. రసాయనశాస్త్రము చదువువాడు తత్త్వమును, చరిత్రమును, సంగీతమును కూడ కొంత యెఱిగి బయటికి రావలెననియు, వ్యవసాయము చదువునామె సాహిత్యమునకు పరాయిది కాగూడదనియు ఈ విద్య యొక్క తాత్పర్యము. విద్యార్థులు కొలదిమంది గనుక గురువునకు శిష్యుని ముఖమును, పేరును, తప్పును, ఒప్పును తెలియును. వందలమందిని ఒక శాలలో కూర్చుండబెట్టి పాఠము వినిపించు పద్ధతికి అలవడిన మనకు ఇది గురుకులమును స్మరింపజేయును.

ఇట్టి చిన్న కళాశాలలు అమెరికాలో అనేకము కలవు. వానిలో పెక్కింటియందు ధనవంతుల బిడ్డలే అధికము. బెరియా విశేషమేమన, అది బీదవారికొఱకే యున్నది. పోషింప శక్తిగల తలిదండ్రుల బిడ్డకంటె శక్తిలేని తలిదండ్రుల బిడ్డకు అచ్చట ప్రథమస్థానము. 1892వ సంవత్సరమునుండి ఆ కళాశాల విద్యార్థులయొద్ద బోధనరుసుము తీసికొనుట లేదు. దీనికి తోడు ఇంకొక నియమము కలదు. అచ్చట చదువు ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము పదిగంటలు పని చేసితీరవలెను. ఈ నియమమునకు మినహాయింపు పొందినవారు లేరు.

ఆ పనులెట్టివో వినుడు. కళాశాలకు పొలము కలదు, విస్తారమైన అడవి కలదు. చీపుళ్లు కట్టుశాల, నేతశాల, వడ్రంగిశాల, కుండలుచేయుశాల కలవు. 1909లో కట్టిన బూన్ టావెర్న్ అను అతిథిగృహము కలదు. అందు వచ్చినవారికి వడ్డించువారిలో విద్యార్థులు కలరు. గ్రంథాలయమున పుస్తకములు సర్దువారు, ప్రయోగశాలయందు గాజుపాత్రలు కడుగువారు, కార్యాలయమున లెక్కలు వ్రాయువారు, గదులు తుడుచువారు, తమకంటె చిన్నతరగతివారికి పాఠము చెప్పువారు, అందఱును విద్యార్థులే. మొదటియేట కళాశాల నియమించిన పని చేయవలెను. పిమ్మట తమ అభిరుచినిబట్టి వేఱుపని కోరుకొనవచ్చును. పనికి కూలి కలదు. పనియందలి ప్రావీణ్యమును గూర్చి పరీక్షలకు వలెనే వేఱుగా యోగ్యతాపత్రమును కూడ నిత్తురు. చదువులో మొదటివాడై పనిలో సోమరియగువాని సంగతి ఆ పత్రము దాచిపెట్టదు.

ఇచ్చట మీలో కొందఱికి ఒక సందేహము కలుగవచ్చును. వారమునకు పదిగంటల కూలితో కళాశాల ఖర్చు గడచునా? గడవదు. ఆ కూలి విద్యార్థి చేతిఖర్చులకును, భోజనవసతుల వ్యయములో కొంతభాగమునకును మాత్రమే చాలును. కళాశాలను నడుపునది దాని మూలధనము. అది నేడు నూరుకోట్ల డాలర్లకు మించియున్నది. అంత ధనము ఒక్క కుబేరుడు ఇచ్చినది కాదు. ఏ షరతును లేక మరణశాసనముల మూలమున వచ్చు సొమ్మును ఖర్చుపెట్టక మూలధనమునందే చేర్చవలెనని 1920లో ధర్మకర్తలు నిర్ణయించిరి. నాటినుండి నూరేండ్లు ఆ నిర్ణయమును పాటించిరి. చెట్టును కొట్టక పండ్లు మాత్రమే కోసికొనిరి. మన దేశమున ధర్మసంస్థల ఆస్తులు ఎట్లు కరగిపోవుచుండునో న్యాయస్థానములలో ప్రతిదినమును చూచు మాకు, ఈ నూరేండ్ల నిగ్రహమే ఆ కళాశాలలో కెల్ల గొప్ప విద్యగా కన్పట్టుచున్నది.

మఱి కూలితో కళాశాల నడువనిచో పని చేయించుట యెందులకు? ఈ ప్రశ్నకు సమాధానముగా మా స్వానుభవమొకటి చెప్పవలసియున్నది, చెప్పుటకు సిగ్గగుచున్నది.

మేము పట్టభద్రతకు చదువుకొను దినములలో మా వసతిగృహమున ఒక బీదవిద్యార్థి యుండెను. భోజనపు రుసుము చెల్లింపలేక వంటశాలలో కూరలు తరిగి, పూట పూటకు మాకు వడ్డించెడివాడు. గణితమున మా యందఱికంటె దిట్ట. రాత్రులు అతనియొద్ద లెక్కలు చెప్పించుకొన్నవారమే మరునాటి పంక్తిలో అతనిని "ఓయ్, సాంబారు!" అని పిలిచి నవ్వితిమి. పంక్తి ముగిసినపిదప అతడు ఒంటరిగా కూర్చుండి తినెడివాడు. రెండవయేట దసరాసెలవులకు ఊరికిపోయి మరల రాలేదు. రుసుము చాలక మానెనని అందఱును అనుకొంటిమి. నిజము మాకు తెలియును. అతని భోజనమునకు వంటశాల పని చాలినది. చాలనిది మా మర్యాద.

మన పెద్దలు వారములు చేసికొని చదువుకొనిరి. ఏడిండ్ల అన్నము తిని విద్య గడించి పేరొందిన మహనీయులు మన జిల్లాలలో ఎందఱో కలరు. ఆ యన్నము పెట్టిన తల్లులకు నమస్కారము. ఐనను ఆ పద్ధతిలో నొక లోపము కలదు: పెట్టువాడును, పుచ్చుకొనువాడును ఎన్నడును సమానులు కాలేదు. మా సహాధ్యాయి వడ్డన చేసినప్పుడును అంతియే. నూరుమందిలో ఒక్కడే పనిచేసినప్పుడు ఆ పని వాని బీదతనమునకు గుర్తు అగును. నూరుమందియు పనిచేసినప్పుడు ఎవని ముఖమునను ఆ గుర్తు నిలువదు. నేడు వడ్డించువాడు రేపు కూర్చుండి తినును; నేడు తినువాడు రేపు గది తుడుచును. బెరియాలో పని విధిగా నుండుటకు కారణమిదియే. రుసుము రాబట్టుటకు కాదు, సిగ్గును తొలగించుటకు ఆ పని యేర్పడినది.

ఇక ఆ కళాశాల పుట్టుక వినుడు. 1855వ సంవత్సరమున జాన్ ఫీ అను క్రైస్తవ బోధకుడు దానిని ఒక గది పాఠశాలగా స్థాపించెను. ఆయన తండ్రి బానిసల యజమాని. కుమారుడు బానిసత్వమును పాపమని బోధించెను. తండ్రి యాస్తికి దూరమయ్యెను. మానవజాతులన్నిటిలో ప్రవహించు రక్తమొక్కటే యను భావమును ఫీ తన పాఠశాలకు మూలమంత్రముగా నెంచుకొనెను. బానిసలను కొనుట, అమ్ముట చట్టసమ్మతముగా నున్న రాష్ట్రములో ఇట్టి మాట పలుకుట సామాన్యసాహసము కాదు. 1859లో ఆయుధపాణులు వచ్చి ఆయనను, ఉపాధ్యాయులను ఆ ఊరినుండి వెడలగొట్టిరి. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన పిమ్మట వారు మరలి వచ్చిరి. 1866లో ఆ విద్యాలయమున 187 మంది చదివిరి. వారిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. నిన్నటి బానిస బిడ్డయు, నిన్నటి స్వతంత్రుని బిడ్డయు ఒకే బల్లమీద కూర్చుండి యక్షరములు దిద్దిరి. స్త్రీలకును అందు ప్రవేశముండెను.

ఈ సహవాసము కెంటకీ శాసనసభకు కంటగింపయ్యెను. 1904లో వారొక చట్టము చేసిరి. తెల్లవారిని, నల్లవారిని ఒకేచోట చదివించు విద్యాలయమునకు అపరాధరుసుము. చదివించు ఉపాధ్యాయునకు అపరాధరుసుము. చదువు విద్యార్థికి సయితము అపరాధరుసుము! నల్లవారికి వేఱుశాఖ పెట్టదలచినచో అది కనీసము ఇరువదియైదు మైళ్ల దూరమున నుండవలెనని కూడ విధించిరి. ఆ రాష్ట్రమున ఇట్లు కలిపి చదివించు కళాశాల బెరియా యొక్కటియే గనుక ఆ చట్టము ఎవరిపై నెక్కుపెట్టిన బాణమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కళాశాలవారు న్యాయస్థానమున పోరాడిరి. రాష్ట్ర న్యాయస్థానము ఇరువదియైదు మైళ్ల నిబంధనను కొట్టివేసి, తక్కినదానిని నిలిపెను. వ్యాజ్యము అమెరికా సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. 1908లో అచ్చటను కళాశాల ఓడిపోయెను. ఆ తీర్పులోని తర్కమును న్యాయవాదులమైన మేము మీకు సులభముగా చెప్పెదము. కళాశాల యొక సంఘము. సంఘమునకు అనుజ్ఞాపత్రమిచ్చి ప్రాణము పోసినది రాష్ట్రము. కాబట్టి ప్రాణము పోసిన రాష్ట్రమునకు ఆ యనుజ్ఞను మార్చు నధికారము కలదు. ఇదియే వారి వాదము. మనుష్యులు కలసి చదువుకొనవచ్చునా కూడదా యను అసలు ప్రశ్నను చుట్టుతిరిగి పోయిరి. చట్టమున నేర్పరులైనవారు అన్యాయమును ముట్టుకొనకయే నిలబెట్టగలరనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు తెలియదు. జస్టిస్ హార్లన్ అను ఒక న్యాయమూర్తి మాత్రము ఈ తీర్పును గట్టిగా నిరసించి వేఱుతీర్పు వ్రాసెను. ఆయనయు కెంటకీవాడే. విద్యాలయమున కలసి కూర్చుండుట నేరమైనచో దేవాలయమున కలసి కూర్చుండుటను కూడ రేపు నేరము చేయవచ్చును గదా యని ఆయన హెచ్చరించెను.

ఓడినపిదప కళాశాలవారు నల్లవిద్యార్థులను చేతులు కడుగుకొని పంపివేయలేదు. ధనము సేకరించి, లూయివిల్ నగరసమీపమున 1912లో లింకన్ విద్యాలయము తెఱచిరి. కాని సత్యము చెప్పవలెను. చట్టమునకు ముందునుండియే, పర్వతప్రాంతపు తెల్లవారి దారిద్ర్యముపై దృష్టి మరలి, కళాశాలలో నల్లవారి పాలు తగ్గిపోవుచుండెను. మహత్తర సంకల్పముతో పుట్టిన సంస్థకు సయితము బయటి శత్రువు వచ్చుటకు ముందే లోపలి యలసట వచ్చుచుండును. 1950లో ఆ చట్టము సవరింపబడినంతనే కెంటకీ కళాశాలలలో మొట్టమొదట నల్లవారికి తలుపులు తెఱచినది బెరియాయే. వేఱుబడులు న్యాయము కావని సర్వోన్నత న్యాయస్థానము 1954లో చెప్పిన తీర్పుకు అది నాలుగేండ్లు ముందు.

ఇంతటి బీదల కళాశాల ఎట్టివారిని తయారుచేసినది? ముగ్గురిని మాత్రము పేర్కొందుము. కార్టర్ వుడ్‌సన్ విముక్తులైన బానిసల కుమారుడు. బొగ్గుగనులలో పనిచేసి, ఇరువదియేండ్ల వయస్సున ఉన్నతపాఠశాలలో చేరినవాడు. ఆయన 1903లో, అనగా తలుపు మూయబడుటకు ఒక యేడు ముందు, బెరియాలో పట్టము పొందెను. 1912లో హార్వర్డునుండి డాక్టరు బిరుదము నందెను. నల్లజాతి చరిత్రను స్మరించు వారోత్సవమును 1926లో ఆరంభించినవాడు ఆయనయే. అదియే నేడు మాసోత్సవమై జరుగుచున్నది. జాన్ ఫెన్ 1937లో బెరియాలో పట్టము పొందెను. జీవపదార్థముల పెద్ద అణువులను తూచు విధానమును కనుగొన్నందులకు 2002లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానమును పంచుకొనెను. బెల్ హుక్స్ అను సుప్రసిద్ధ రచయిత్రి, కెంటకీలో పుట్టిన నల్లజాతి స్త్రీ, పెద్ద నగరముల విద్యాపీఠములలో బోధించినపిదప 2004లో ఆ చిన్న కళాశాలకు ఉపాధ్యాయినిగా వచ్చి, 2021లో ఆ పట్టణముననే కన్నుమూసెను. పని చదువును చెఱచునని వాదించువారు ఈ పేర్లను ఆలోచింతురు గాక.

విదేశీయులకు కూడ బెరియాలో ప్రవేశము కలదు. అనేక దేశముల విద్యార్థులు అచ్చట చదువుచున్నారు. కాని యేటేట చేర్చుకొనువారు కొలదిమంది, కోరువారు వేలమంది. పైగా అచ్చటిది మొదటి పట్టమునకు చదువు. మనవారు సాధారణముగా పై పట్టములకొఱకు పోవుదురు. కనుక ఆ మూడెకరముల రైతునకు బెరియా తలుపు తట్టుమని చెప్పి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. ఆయనకు మనము వేఱు ప్రత్యుత్తరము చెప్పవలెను.

ఈ యాలోచన మనకు క్రొత్తది కాదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, వారి మిత్రులును ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించి, పుస్తకవిద్యతోపాటు చేతిపనులను నేర్పిరి. గాంధీమహాత్ముడు 1937లో వార్ధాయందు పనిమూలమున విద్య యను పద్ధతిని దేశమునకు ప్రతిపాదించెను. బీజములు మన నేలలోనే పడినవి. నీరు పోయుట మానితిమి. చేతిపని బీదవానికి, పుస్తకము కలవానికి అని పంచిపెట్టితిమి. తత్ఫలితముగా పట్టభద్రుడు మేకు కొట్టలేడు. మేకు కొట్టువాడు పట్టభద్రుడు కాలేడు. ఇద్దఱును నష్టపడిరి.

మన కళాశాలలలో పనులు లేవా? గ్రంథాలయములలో పుస్తకములు దుమ్ముపట్టియున్నవి; సర్దువారు లేరని మూసియుంచుచున్నారు. ప్రయోగశాలలలో పరికరములు తుప్పుపట్టుచున్నవి. ఆవరణలలో ముండ్లచెట్లు పెరుగుచున్నవి. ఒక వంక చేయవలసిన పని, ఇంకొక వంక పది రూపాయలకు తండ్రిచేతివంక చూచు పిల్లవాడు. ఈ రెంటి నడుమ అడ్డముగా నిలిచినది మన మర్యాద యను గోడ యొక్కటియే. పని విద్యార్థులందఱికిని విధిగా నుండవలెను. దానికి న్యాయమైన కూలి యుండవలెను. ఉపాధ్యాయులును అప్పుడప్పుడు చేయి కలుపవలెను. బీదవారిచేత మాత్రము చేయించినచో అది వెట్టి యగును; ఆ వెట్టికి విద్యయని పేరు పెట్టిన యెడల మేమే మొదట ప్రతిఘటింతుము. ఏ కులపు బిడ్డ యే పని చేయవలెనను లెక్క అందు దూరగూడదు. కలసి చదువుటకే కాక, కలసి తుడుచుటకు, కలసి తినుటకు సిద్ధపడినప్పుడే పని పాఠమగును.

ఇక మాటలు చాలించి యొక చిన్న ప్రతిపాదనముతో ముగింతుము. ఈ పఠనమందిరమున మూడు బీరువాల పుస్తకములకు పట్టిక లేదు. వచ్చెడి మాసమునుండి మన పట్టణ కళాశాల విద్యార్థులు నలుగురు సాయంకాలము రెండుగంటలు వచ్చి పట్టిక వ్రాయుదురు గాక. వారికి మాసవేతనము ఇత్తము. ఆ నలుగురిలో ఇద్దఱు బీదవారును, ఇద్దఱు కలవారి బిడ్డలును ఉండవలెనని మా షరతు. మొదటి సంవత్సరపు వ్యయమును మేము భరింతుము. పిదప దానికి మూలధనమొకటి యేర్పఱచవలెను. అది యెంత చిన్నదైనను ముట్టుకొనగూడదు, వడ్డీ మాత్రమే వాడుకొనవలెను. ఇచ్చటి పెద్దలు తమ మరణశాసనములలో ఈ మందిరమునకు ఒక్క వాక్యము కేటాయింతురేని, దానిని వ్రాసిపెట్టుటకు మేము రుసుము తీసికొనము.

ఆ రైతు కుమారునితో కూడ మాటలాడితిమి. ప్రయాణమునకు ఇంకను వ్యవధి కలదు. పట్టిక వ్రాయుటకు వచ్చెదవా యని యడిగితిమి. వచ్చెదనని చెప్పెను. అతడు తండ్రి పొలమును విడిపించునో లేదో మేము చెప్పజాలము. కాని ఈ బల్లయొద్ద అతనికి కుడివైపున కూర్చుండి వ్రాయువాడు ఇంతవఱకు ఏనాడును పనిముట్టు పట్టని యింటి బిడ్డ కావలెను. ఆ బిడ్డ యెవరి యింటినుండి వచ్చునో ఈ సభలోని పెద్దలే చెప్పవలెను. సభ ముగియులోపల కార్యదర్శిగారు పేర్లు వ్రాసికొందురు.